పైకి లేచే పైకప్పు



ఇల్లు కట్టేటప్పుడు తాపీమేస్త్రీ దగ్గర్నుంచి ఇంజనీరు దాకా అందరి దృష్టీ బరువు మీదే ఉంటుంది. శ్లాబు బరువు దూలాల మీదికి, దూలాల బరువు స్తంభాల మీదికి, స్తంభాల బరువు పునాదిలోకి, అక్కణ్ణుంచి నేలలోకి దిగాలి. ఆ దిగడంలో ఎక్కడ తేడా వచ్చినా ఇంటికి ముప్పే. ఈ లెక్కలు చూడటమే నా వృత్తి. అందుకే, అంగారక గ్రహం మీద మనుషులు ఏళ్ల తరబడి ఉండే ఇల్లు ఎలా కట్టాలన్న ప్రశ్న ఎదురైనప్పుడు నా కళ్లు ముందు దాని పైకప్పు మీదికే వెళ్లాయి. అక్కడ ఇల్లు కూలుతుందన్న భయం తక్కువ. ఉబ్బి పగులుతుందన్న భయం ఎక్కువ.

ఎందుకో చెబుతాను. మన చుట్టూ ఉన్న గాలి ప్రతి చదరపు మీటరు మీదా దాదాపు పది టన్నుల బలంతో నొక్కుతూ ఉంటుంది. ఇంటి లోపలా అదే గాలి, బయటా అదే గాలి. ఇటు తోపుకు అటు తోపు సరిపోయి గోడలకు ఏమీ తెలియదు. అంగారకుడి మీద కూడా గాలి ఉంది కానీ, దాని ఒత్తిడి మన గాలి ఒత్తిడిలో నూరో వంతు కూడా లేదు. అందులో 95 శాతం కార్బన్ డయాక్సైడే. ఆక్సిజన్ ఉన్నా లేనట్టే. ఇంట్లో మనకు అలవాటైన గాలిని నింపితే, బయటి నుంచి దానికి ఎదురు నిలిచేది ఏదీ ఉండదు. పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు ఉన్న చిన్న పడగ్గదిని తీసుకోండి. దాని కప్పును లోపలి గాలి తొంభై టన్నులకు మించిన బలంతో పైకి తోస్తుంది. నాలుగు గోడలనూ అలాగే బయటికి తోస్తుంది. వంటింట్లో ప్రెషర్ కుక్కర్ విజిల్ వేసే ముందు లోపలికీ బయటికీ ఒత్తిడిలో ఎంత తేడా ఉంటుందో, ఇక్కడా ఇంచుమించు అంతే తేడా. కుక్కర్ ఎందుకు గుండ్రంగా ఉంటుందో, మూతకు రబ్బరు గాస్కెట్ ఎందుకు కావాలో, మూత ఎందుకు బిగుసుకుని కూర్చోవాలో, అంగారకుడి ఇంటికీ అవన్నీ అందుకే కావాలి. చదరపు గదులు, బల్లపరుపు శ్లాబులు అక్కడ కుదరవు. మూల ఉన్న ప్రతిచోటా ఒత్తిడి పోగుపడి, చీలిక అక్కడే మొదలవుతుంది. పత్రికల్లో మీరు చూసే నమూనాలు చాలావరకు గుమ్మటాలు, గొట్టాలు, గుడ్డు ఆకారాలుగా ఉండటానికి కారణం అదే. అందం కోసం అలా గీయలేదు.

పైన మట్టి పోసి అణచిపెడితే సరిపోదా అని మీకు అనిపించవచ్చు. లెక్క వేద్దాం. అంగారకుడి గురుత్వం మన భూమి గురుత్వంలో 38 శాతం. ఇక్కడ తూస్తే ఘనపు మీటరు టన్నున్నర తూగే మట్టిని అనుకుంటే, లోపలి గాలి తోపుకు సరిగ్గా సరితూగడానికి అక్కడ దాదాపు 18 మీటర్ల మందాన పోయాలి. ఆరంతస్తుల మేడంత ఎత్తు. మూడు మీటర్లు పోస్తే ఆ తోపులో ఆరో వంతు మాత్రమే అణుగుతుంది. మిగిలిన ఐదు వంతుల బలాన్నీ కప్పే లాగి పట్టుకోవాలి. రాయి, ఇటుక, కాంక్రీటు నొక్కితే ఎంతైనా మోస్తాయి, లాగితే విరుగుతాయి. మన కోటలూ గుళ్లూ ఇన్ని శతాబ్దాలు నిలిచాయంటే వాటి మీద పడింది చాలావరకు నొక్కుడే కాబట్టి. అంగారకుడి మీద ఆ సుగుణం అక్కరకు రాదు.

అయినా ఇటుకను పక్కన పెట్టేయనక్కర్లేదు. బెంగళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థ, ఇస్రో శాస్త్రవేత్తలు కలిసి అంగారకుడి మట్టితో ఇటుక చేయడం ఎలాగో 2022లో చూపించారు. అసలు అంగారకుడి మట్టి మన చేతికి ఇంకా రాలేదు కాబట్టి, దాన్ని పోలిన పొడిని వాడారు. ఆ పొడిలో గ్వార్ గమ్, అంటే మన గోరుచిక్కుడు గింజల బంక కలిపారు. దానికి యూరియా, కాస్త నికెల్ క్లోరైడ్, స్పోరోసార్సినా పాశ్చురై అనే బ్యాక్టీరియా చేర్చి ముద్దలా కలిపి అచ్చుల్లో పోశారు. ఆ బ్యాక్టీరియా యూరియాను విడగొట్టి, రేణువుల మధ్య సున్నపురాయి స్ఫటికాలను పేరుస్తుంది. కొద్ది రోజుల్లో ముద్ద గట్టిపడి ఇటుకవుతుంది. బట్టీ లేదు, బొగ్గు లేదు. ఆ మట్టిలో ఇనుము ఎక్కువ కావడంతో మొదట్లో బ్యాక్టీరియా బతకలేకపోయింది. నికెల్ క్లోరైడ్ చేర్చాకే నిలదొక్కుకుంది. యూరియా సంగతంటారా, అది మనుషులు ఉన్నచోట రోజూ దొరికేదే. ఆంధ్రలో గోరుచిక్కుడు, తెలంగాణలో గోకరకాయ అని మనం వండుకునే కూర గింజలు వేరే గ్రహం మీద గోడకు పనికొస్తాయన్న మాట నాకు ఎంత సంతోషమిచ్చిందో చెప్పలేను.

ఆ ఇటుకను నేనైతే గాలిని ఆపడానికి వాడను. గాలిని లోపల లోహపు తొట్టో, బలమైన వస్త్రంతో కుట్టిన సంచో పట్టి ఉంచాలి. వస్త్రమంటే తేలిగ్గా తీసుకోకండి. 2016లో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి బీమ్ అనే గదిని ఇలాగే పంపారు. పొరలు పొరలుగా వస్త్రంతో చేసి, మడతపెట్టి పంపి, అక్కడ గాలి నింపి విప్పారు. రెండేళ్లు పరీక్షగా ఉంచుదామనుకున్న గది ఆ తర్వాత కూడా ఏళ్లపాటు సామాన్ల గదిగా పనికొచ్చింది. అంగారకుడి ఇంటికి కూడా లోపల ఇలాంటి సంచి, దాని మీద ఇటుక, మట్టి కవచం. ఇదే నాకు తెలివైన పద్ధతిగా కనిపిస్తోంది.

లోపలి గాలి ఒత్తిడినే తగ్గిస్తే గోడలకు భారం తగ్గదా అని ఇంకో ఆలోచన. తగ్గుతుంది. 1973లో అమెరికా పంపిన స్కైలాబ్ కేంద్రంలో ఒత్తిడి భూమి మీదున్న దానిలో మూడో వంతే. ఊపిరికి చాలేలా ఆక్సిజన్ పాలు పెంచారు. కానీ ఆక్సిజన్ పాలు పెరిగేకొద్దీ నిప్పు భయం పెరుగుతుంది. 1967 జనవరిలో అపోలో 1 నౌకను నేల మీదే పరీక్షిస్తున్నప్పుడు స్వచ్ఛమైన ఆక్సిజన్ నిండిన గదిలో నిప్పంటుకుని ముగ్గురు వ్యోమగాములు చనిపోయారు. తలుపు తీసే వ్యవధి కూడా లేకపోయింది. ఇంకో చిన్న సంగతి కూడా ఉంది. ఒత్తిడి సగానికి తగ్గితే నీళ్లు 81 డిగ్రీలకే మరుగుతాయి. మామూలు గిన్నెలో కందిపప్పు ఎంతసేపు పెట్టినా సరిగ్గా ఉడకదు. నాలుగు రోజుల మజిలీకైతే సర్దుకోవచ్చు. ఏళ్లపాటు ఉండే ఇంట్లో పప్పు ఉడకకపోవడం కూడా లెక్కలోకి తీసుకోవాల్సిన విషయమే.

పైన మట్టి కవచం ఎందుకన్నాను కదా, అది రేడియేషన్ కోసం. అంగారకుడికి భూమికున్నట్టు అయస్కాంత రక్షణ లేదు, దట్టమైన వాతావరణమూ లేదు. 2012లో దిగిన క్యూరియాసిటీ రోవర్ మీదున్న పరికరం అక్కడి నేల మీద రోజుకు సుమారు 0.67 మిల్లీసీవర్ట్ల రేడియేషన్ కొలిచింది. మన దేశంలో అణువిద్యుత్ కేంద్రాల వంటి చోట్ల పనిచేసే సిబ్బందికి ఏడాదికి సగటున 20 మిల్లీసీవర్ట్లు మించకూడదని నిబంధన. అంగారకుడి మీద ఆరుబయట నెల రోజులుంటే ఆ ఏడాది కోటా అయిపోతుంది. రెండు మూడు మీటర్ల మట్టి కింద ఉంటే ఈ బాధ చాలావరకు తప్పుతుంది. మంచు గడ్డ కూడా మంచి కవచమే. నాసా నిర్వహించిన పోటీలో 2015లో మొదటి బహుమతి మంచుతో కట్టే ఇంటి నమూనాకే వచ్చింది. దాని గోడల్లోంచి వెలుతురు లోపలికి వస్తుంది, రేడియేషన్ చాలావరకు ఆగిపోతుంది. మట్టి కింద పాతిపెట్టిన ఇంటికి ఆ వెలుతురు భాగ్యం లేదు. వెలుతురు సంగతికి మళ్లీ వస్తాను.

గోడల పని కష్టమే కానీ లెక్కకు అందే కష్టం. అసలు చిక్కంతా ఆ గోడల లోపల ఉంది.

గాలితో మొదలుపెడదాం. ఒక మనిషికి రోజుకు సుమారు 840 గ్రాముల ఆక్సిజన్ కావాలి. 2021లో అంగారకుడి మీద దిగిన పెర్సివరెన్స్ రోవర్‌లో మాక్సీ అనే యంత్రం ఉంది. పరిమాణంలో మైక్రోవేవ్ అవెన్ అంత. అక్కడి కార్బన్ డయాక్సైడ్‌ను బాగా వేడి చేసి, విడగొట్టి, ఆక్సిజన్ తీసింది. రెండేళ్లకు పైగా పదహారుసార్లు నడిపితే వచ్చింది మొత్తం 122 గ్రాములు. ఒక మనిషికి మూడున్నర గంటల ఊపిరి. తక్కువ కదా అని తీసిపారేయకండి. వేరే గ్రహం గాలిలోంచి మనిషి పీల్చదగ్గ ఆక్సిజన్ తీయడం చరిత్రలో అదే మొదటిసారి, దాని స్వచ్ఛత కూడా 98 శాతం దాకా వచ్చింది. యంత్రాన్ని పెద్దది చేస్తే ఉత్పత్తి పెరుగుతుంది. కాబట్టి ఆక్సిజన్ తయారీ మనకు చేతనవుతుంది. తయారైన గాలి ఇంట్లో ఏమవుతుందో కనిపెట్టడమే కష్టం. దీనికి ఒక కథ ఉంది, అదీ ఈ భూమి మీద జరిగిందే.

అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో ఓరకిల్ అనే ఊరి దగ్గర బయోస్ఫియర్ 2 అనే అద్దాల మేడ ఉంది. బయోస్ఫియర్ 1 ఏదంటే మన భూమే. మూడెకరాలకు పైన స్థలంలో, గాలి చొరకుండా మూసేసిన ఆ మేడ లోపల ఒక చిన్న వర్షారణ్యం, ఒక బుల్లి సముద్రం, మడ అడవి, ఎడారి, పొలం అన్నీ కట్టారు. ఎండకు గాలి వ్యాకోచించి అద్దాలు పగలకుండా, రబ్బరు పొరతో పైకీ కిందికీ కదిలే రెండు పెద్ద గదులు పెట్టి వాటికి ఊపిరితిత్తులని పేరు పెట్టారు. 1991 సెప్టెంబరు 26న నలుగురు పురుషులు, నలుగురు స్త్రీలు లోపలికి వెళ్లి తలుపు మూసుకున్నారు. రెండేళ్లు బయటికి రాకుండా, అక్కడ పండిందే తింటూ, అక్కడి గాలే పీలుస్తూ గడపాలని సంకల్పం.

నెలలు గడిచేకొద్దీ ఆక్సిజన్ తగ్గడం మొదలైంది. మన గాలిలో దాదాపు 21 శాతం ఉండేది, పదహారు నెలల్లో 14 శాతం చిల్లరకు దిగింది. నాలుగు వేల మీటర్లకు పైన కొండ మీద ఊపిరి ఎలా ఉంటుందో అలా. మెట్లెక్కితే ఆయాసం. రాత్రి నిద్రలో ఊపిరాడక మెలకువ. అదే ఒంటితో పొద్దున లేచి పొలం పని చేసుకోవాలి, లేకపోతే తిండి లేదు. 1993 జనవరిలో బయటి నుంచి ఆక్సిజన్ పంపక తప్పలేదు.

ఆక్సిజన్ ఎక్కడికి పోయింది? సగం జవాబు తొందరగానే దొరికింది. పంటలు బాగా పండాలని పొలంలో సేంద్రియ ఎరువు దండిగా కలిపారు. ఆ మట్టిలో సూక్ష్మజీవులు విజృంభించి ఆక్సిజన్‌ను తినేసి కార్బన్ డయాక్సైడ్‌ను వదిలాయి. అయితే లెక్క కుదరలేదు. పోయిన ఆక్సిజన్‌కు తగ్గంత కార్బన్ డయాక్సైడ్ గాలిలో కనిపించాలి. కనిపించలేదు. దాన్ని మొక్కలు పీల్చుకుని ఉంటే తిరిగి ఆక్సిజన్ వచ్చి ఉండాలి. అదీ రాలేదు. కొలంబియా విశ్వవిద్యాలయంలో అప్పుడు పరిశోధక విద్యార్థిగా ఉన్న జెఫ్ సెవెరింగ్‌హాస్ చివరికి దొంగను పట్టుకున్నాడు. ఆ దొంగ కాంక్రీటు. లోపలి కట్టడాల కాంక్రీటులో ఉండే కాల్షియం హైడ్రాక్సైడ్ గాలిలోని కార్బన్ డయాక్సైడ్‌ను పట్టుకుని సున్నపురాయిగా మారిపోతూ వచ్చింది. ఆక్సిజన్ కార్బన్‌తో కలిసి గోడలో రాయయిపోయింది.

ఈ కథ తలుచుకున్నప్పుడల్లా నా వృత్తి మీద నాకు గౌరవంతో పాటు కొంచెం భయం కూడా కలుగుతుంది. కాంక్రీటు కార్బన్ డయాక్సైడ్‌ను పీల్చుకుంటుందని సివిల్ ఇంజనీర్లందరికీ తెలుసు. మన ఇళ్లలో చువ్వలు తుప్పు పట్టడానికి అది ఒక కారణం. ఇక్కడ గాలికి అంతు లేదు కాబట్టి ఎంత పీల్చినా మనకు పట్టదు. మూసిన ఇంట్లో గోడ కూడా ఊపిరి తీసే ప్రాణుల లెక్కలోకి వస్తుంది. రంగు, జిగురు, తివాచీ, మొక్కల కుండీలో మట్టి, అన్నీ ఆ ఇంటి గాలిలో వాటాదారులే. బయోస్ఫియర్ 2లోకి తర్వాత ఇంకో జట్టు వెళ్లే ముందు అక్కడి కాంక్రీటుకు పూత వేసి మూశారు. అంగారకుడి ఇంటికి వస్తువు ఎంచుకునేటప్పుడు బలం, బరువు, ఖరీదు తర్వాత ఇంకో గడి రాసుకోవాలి. ఇది గాలికి ఏమిస్తుంది, గాలి నుంచి ఏం తీసుకుంటుంది?

ఆ ఎనిమిది మందిలో ఒకరైన జేన్ పాయింటర్ తర్వాత చెప్పిన మాటల్లో నాకు బాగా గుర్తుండిపోయింది పిజ్జా సంగతి. లోపల ఒక పిజ్జా చేసుకోవడానికి ఆమెకు నాలుగు నెలలు పట్టిందట. గోధుమ విత్తి, కోసి, నూర్చి, పిండి పట్టాలి. మేకను మేపి, పాలు పితికి, జున్ను చేయాలి. చిలగడదుంపలు విపరీతంగా పండటంతో అవే ఎక్కువ తిని ఆమె ఒంటి రంగు నారింజకు తిరిగిందట. అందరూ బరువు బాగా తగ్గారు. పోనుపోను నలుగురు ఒక వైపు, నలుగురు ఒక వైపు అయిపోయారు. నిన్నటిదాకా ప్రాణ స్నేహితులనుకున్నవాళ్లు కళ్లలోకి చూసుకోవడం మానేశారు. అయినా పని మాత్రం ఎవరూ ఆపలేదు. అవతలి జట్టు మీద కోపంతో పొలాన్ని ఎండబెట్టినవాళ్లు లేరు. ఎవరు పాడుచేసినా చెడేది అందరి గాలీ అని వాళ్లకు అనుక్షణం తెలుస్తూనే ఉంది. బయోస్ఫియర్ 2 విఫలమైందని చాలామంది రాశారు. నేను ఒప్పుకోను. ఇంత పాఠం నేర్పిన కట్టడాన్ని విఫలమని ఎలా అనగలం?

నీళ్ల దగ్గరికి వస్తే, అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో వాడిన నీటిని, చెమటను, మూత్రాన్ని శుద్ధి చేసి మళ్లీ తాగుతారు. 2023 నాటికి వంద లీటర్లలో 98 లీటర్లు తిరిగి రాబట్టే స్థితికి వచ్చారు. ఆ దారిలో ఒక విచిత్రం జరిగింది. మూత్రాన్ని శుద్ధి చేసే యంత్రం మొదట్లో, 2009లో, మొరాయించింది. విప్పి చూస్తే లోపల కాల్షియం సల్ఫేట్ గట్టిగా పేరుకుపోయి ఉంది. నేల మీద పరీక్షించినప్పుడు లేని కాల్షియం ఎక్కడిది? వ్యోమగాముల ఎముకలది. బరువు లేని చోట ఎముకలు పలచబడి, ఆ కాల్షియం మూత్రంలో పోతుంది. మనిషి ఎముక అరిగి యంత్రం గొట్టంలో పేరుకుంది. ఒంటిని డాక్టరుకూ, యంత్రాన్ని ఇంజనీరుకూ వేరువేరుగా అప్పగించే పద్ధతి అక్కడ చెల్లదని ఇంతకన్నా స్పష్టంగా ఎవరు చెప్పగలరు?

అంతరిక్ష కేంద్రం మన నెత్తి మీద నాలుగు వందల కిలోమీటర్ల ఎత్తులోనే ఉంది. విడిభాగం కావాలంటే కొద్ది నెలల్లో పంపవచ్చు. అంగారకుడి దారి వేరు. 2013 నవంబరు 5న శ్రీహరికోట నుంచి బయలుదేరిన మన మంగళయాన్ 2014 సెప్టెంబరు 24న గానీ ఆ గ్రహ కక్ష్యలోకి చేరలేదు. అలా బయలుదేరడానికి అనువైన సమయం 26 నెలలకోసారి వస్తుంది. అడిగిన మాట అటు చేరడానికే దూరాన్ని బట్టి మూడు నుంచి ఇరవై రెండు నిమిషాలు పడుతుంది. పంపు ఆగిపోయి, "ఏం చేయమంటారు" అని భూమిని అడిగితే జవాబు వచ్చేసరికి ముప్పావు గంట కావచ్చు. అందుకే ఆ ఇంట్లో ప్రతి యంత్రం అక్కడున్నవాళ్లు విప్పి బిగించగలిగేలా ఉండాలి. వందరకాల మరలు కాకుండా నాలుగైదు రకాలే ఉండాలి. గొట్టాలు, వైర్లు అందం కోసం గోడ లోపల దాచకూడదు, చేతికి అందాలి. మరుగుదొడ్డి పంపు మోటారు, గాలి పంపు మోటారు ఒకటే అయితే ఇంకా మేలు. ఒకటి చెడితే రెండోదాన్ని తెచ్చి బిగించుకోవచ్చు.

ధూళి గురించి కూడా ఒక మాట. 2008లో ఫీనిక్స్ నౌక అక్కడి మట్టిలో పర్‌క్లోరేట్ అనే లవణాలను కనిపెట్టింది. అవి ఒంట్లోకి చేరితే థైరాయిడ్ గ్రంథి పని దెబ్బతింటుంది. బయట తిరిగొచ్చిన సూటును ఇంట్లోకి తేకుండా, సూటు గోడకు బయటే తగిలించి ఉండి, మనిషి మాత్రం దాని వీపు తలుపులోంచి ఇంట్లోకి దూరే పద్ధతిని రూపొందించారు. చెప్పులు గుమ్మం బయట విడిచే ఇంట్లో పెరిగినవాళ్లకు దీన్ని వివరించనక్కర్లేదు.

ఇక మనుషులు. నా ఉద్దేశంలో నమూనా గీసేటప్పుడు మొదట మొదలుపెట్టాల్సింది ఇక్కడే, అందరూ చివరికి వదిలేసేదీ దీన్నే. మాస్కోలో 2010 జూన్ నుంచి 2011 నవంబరు దాకా ఆరుగురు మగవాళ్లను 520 రోజులు కిటికీలు లేని గదుల్లో ఉంచి, అంగారకుడికి వెళ్లి వచ్చినట్టు ప్రయోగం చేశారు. వాళ్ల చేతులకు కట్టిన పరికరాలు ఏం చూపించాయంటే, నెలలు గడిచేకొద్దీ కదలికలు తగ్గాయి, పడక మీద గడిపే సమయం పెరిగింది. కొందరికి నిద్ర వేళలు తారుమారయ్యాయి. పగలు పగలులా, రాత్రి రాత్రిలా లేకపోతే ఒళ్లు దారి తప్పుతుంది. వెలుతురు సంగతికి మళ్లీ వస్తానన్నది ఇందుకే. మట్టి కింద ఇంట్లో దీపాలు తెల్లవారుజామున ఒక రంగులో, మధ్యాహ్నం ఒక రంగులో, సాయంత్రం ఒక రంగులో వెలగాలి. పైగా అంగారకుడి రోజు మన రోజు కన్నా దాదాపు నలభై నిమిషాలు ఎక్కువ. ఆ నలభై నిమిషాలకు ఒంటిని అలవాటు చేయాల్సింది కూడా ఆ దీపాలే.

ఈ విషయాలు ఎవరికన్నా ముందు గ్రహించినవారిలో గలీనా బలషోవా ఒకరు. సోవియట్ యూనియన్‌లో అంతరిక్ష నౌకలు రూపొందించే కోరల్యోవ్ సంస్థలో పనిచేసిన వాస్తుశిల్పి ఆమె. 1960ల నుంచి సోయుజ్ నౌకలకు, తర్వాత సల్యూత్, మీర్ కేంద్రాలకు లోపలి గదులను ఆమే రూపకల్పన చేసింది. బరువు లేని చోట పైన ఏదో కింద ఏదో తెలియక మనిషి తికమకపడతాడని, నేలకు ముదురు రంగు, కప్పుకు లేత రంగు వేయించింది. రంగు చూడగానే కాళ్లు ఎటో తెలిసిపోతుంది. సోయుజ్ గదుల గోడకు తగిలించడానికి తన చేత్తో నీటిరంగుల్లో ప్రకృతి దృశ్యాలు వేసి ఇచ్చేది. ఆ గదిని భూమికి తిరిగొచ్చేటప్పుడు వదిలేస్తారు, అది గాలిలో కాలిపోతుంది. బొమ్మా దానితో పాటే. మళ్లీ ఇంకో నౌకకు ఇంకో బొమ్మ వేసేది. ఆ బొమ్మ లేకపోయినా నౌక ఎగురుతుంది. అయినా ఇంజనీర్ల మధ్య కూర్చుని అది కావాలని నిలబెట్టుకున్న ఆమె ఓపికకు చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. అమెరికా వైపు స్కైలాబ్‌కు సలహా ఇచ్చిన రేమండ్ లోవీ కూడా కిటికీ ఉండాల్సిందేనని పట్టుబట్టాడు. కిటికీ అంటే గోడకు బలహీనత అని ఇంజనీర్లు అడ్డుపడ్డారు. చివరికి పెట్టారు. వ్యోమగాములు తీరిక దొరికితే ఆ కిటికీ దగ్గరే చేరేవారు.

హ్యూస్టన్‌లో నాసా అంగారకుడి ఇంటికి నమూనాగా ఒక ఇల్లు కట్టింది. కాంక్రీటులాంటి మిశ్రమాన్ని యంత్రంతో పొరలు పొరలుగా పేర్చి కట్టిన 1,700 చదరపు అడుగుల ఇల్లు. 2023 జూన్ 25 నుంచి 2024 జూలై 6 దాకా నలుగురు అందులో 378 రోజులు ఉన్నారు. ఒక్కొక్కరికి ఒక చిన్న గది, అందరికీ కలిపి ఒక కూర్చునే చోటు, వంటగది, వైద్యానికి ఒక మూల, మొక్కలకు ఒక మూల. కబురు బయటికి వెళ్లాలంటే ఇరవై రెండు నిమిషాల దాకా ఆలస్యం పెట్టారు. టమాటాలు, మిరపకాయలు, ఆకుకూరలు పెంచుకున్నారు. ఆ పంటతో కడుపు నిండదు. కానీ నెలల తరబడి పొట్లాల తిండి తిన్నవాళ్లకు మొక్క నుంచి కోసిన ఒక టమాటా ఎంత విలువైనదో ఊహించండి. నన్నడిగితే తలుపు వేసుకోగలిగిన సొంత గది, నలుగురూ ఒకేసారి కూర్చోగలిగిన భోజనాల బల్ల, ఈ రెండూ గాలి సంచి అంత ముఖ్యం. బరువు తగ్గించాలని వీటి జోలికి వెళ్తే తర్వాత బాధపడాల్సి వస్తుంది.

ఇంకొక్కటి మిగిలింది, అది అన్నిటికన్నా పెద్దది. శాశ్వత నివాసమంటే పిల్లలు పుట్టాలి, పెరగాలి. 38 శాతం గురుత్వంలో గర్భం నిలుస్తుందా, ఎముక ఎలా పెరుగుతుంది, ఆ పిల్లలు భూమికి వస్తే నిలబడగలరా అన్నవాటికి ఇవాళ ఎవరి దగ్గరా జవాబు లేదు. ముందు జంతువుల మీద, ఆ గురుత్వంలో ఒకటి రెండు తరాలు గడిచేదాకా చూడాలి. చూడకుండా పిల్లలను కనే ఊరు కడతామనడం నాకు సమ్మతం కాదు. పెద్దవాళ్లు తెలిసి ఒప్పుకుని వెళ్లడం వేరు, పుట్టబోయే బిడ్డ తరఫున మనం ఒప్పుకోవడం వేరు.

పెద్దవాళ్ల ఇంటి సంగతికి వస్తే, నేను కోరేది ఒకటే. ఇల్లు ముందు వెళ్లాలి, మనుషులు తర్వాత వెళ్లాలి. ఇంటిని దించి, గాలి నింపి, దీపాలు వెలిగించి, ఖాళీగా ఒక పూర్తి విడత, అంటే 26 నెలలు నడపాలి. నలుగురు మనుషులు ఎంత ఆక్సిజన్ పీలుస్తారో అంత పీల్చే యంత్రాన్ని, ఎంత వేడి, చెమ్మ, కార్బన్ డయాక్సైడ్ వదులుతారో అంత వదిలే యంత్రాన్ని లోపల పెట్టాలి. అలాంటివి చేయడం మనకు వచ్చు. పంపులు ఎన్నిసార్లు ఆగాయో, గాస్కెట్లు ఎక్కడ కారాయో, గోడలు ఏమేం పీల్చుకున్నాయో రోజువారీ పట్టిక భూమికి రావాలి. అది ఏ ఒక్క సంస్థ అల్మరాలోనో ఉండకుండా, లెక్క తెలిసిన ప్రతివాళ్లూ చూసి తప్పులు పట్టేలా బయటపెట్టాలి. అరిజోనాలో ఆక్సిజన్ ఎటు పోయిందో కనిపెట్టినవాడు ఆ మేడ కట్టినవాళ్లలో ఒకడు కాదు, బయటి నుంచి వచ్చిన ఒక విద్యార్థి. ఆ 26 నెలల పట్టికలో ఆక్సిజన్ గీత కారణం తెలియకుండా ఒక్కసారైనా దిగిందంటే, అది ఎటు పోయిందో తేలేదాకా మనుషులున్న రాకెట్ బయలుదేరకూడదు. దానికి ఇంకో 26 నెలలు ఆగాల్సి వస్తే ఆగాలి.